నిమ్మరసం మేధావి

ఉద్యమాల చరిత్రలో పేజీలన్నీ ఉపవాసం ఉన్నవాళ్లకే పోతాయి. సాయంత్రం వచ్చి ఆ ఉపవాసాన్ని విరమింపజేసే మహానుభావులకు ఒక్క వాక్యమైనా దక్కదు! ఆకలితో ఉండటం ఎవరికైనా చేతనవుతుంది, అన్నం మానేస్తే చాలు. మానేసిన అన్నాన్ని మర్యాదగా మళ్లీ మొదలుపెట్టించాలంటే మాత్రం చదువుండాలి, పేరుండాలి, కెమెరా వైపు తిరిగి గ్లాసు పట్టుకునే ఒడుపుండాలి. చరిత్రకారులు చేసిన ఈ ఘోరమైన అన్యాయాన్ని సరిదిద్దే భారం ఈ కథ తన నెత్తికెత్తుకుంది.

తెలంగాణ కోసం ఊరూరా శిబిరాలు వెలిసిన రోజులవి. జఫర్‌గఢ్‌లో తహసీల్ ఆఫీసు ముందు వెలిసిన శిబిరంలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. రోజుకో సంఘం వంతు. ఇవాళ గీత కార్మికులైతే రేపు ఆటోవాళ్లు, ఎల్లుండి కుమ్మర్లు. పొద్దున ఇంట్లో కడుపారా తినేసి, పదింటికల్లా వచ్చి మెడలో దండ వేయించుకుని కూర్చోవాలి. సాయంత్రం ఐదింటికి ఒక ప్రముఖుడు వచ్చి నిమ్మరసం ఇస్తాడు. ఆయన ఇచ్చేదాకా లేవకూడదు. తమంతట తాము తాగితే అది నిమ్మరసమే అవుతుంది గాని దీక్షా విరమణ అవదు!

ఈ శాస్త్రమంతా అమ్రీన్‌కు కొట్టిన పిండి. ఎందుకంటే ఆ శామియానా వాళ్ల నాన్న బాబామియాది. ఆయనది టెంట్ హౌస్. ఊళ్లో ఎవరు పెళ్లి చేసుకున్నా, ఎవరు పోయినా, ఎవరు ఉద్యమించినా గుంజలు ఆయనే పాతాలి. మనుషుల హోదా ఆయనకు కుర్చీల్లో కనపడుతుంది. దీక్షకు కూర్చునేవాళ్లకు నేల మీద జంపఖానా. మద్దతు తెలపడానికి వచ్చేవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ. నాయకులకు మెత్తటి కుర్చీ. అందరికన్నా పెద్ద ప్రముఖుడికి, పెళ్లికొడుకులు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీ. దాని చేతులకు రెండు సింహాలుంటాయి. ఒక సింహానికి ముక్కు లేదు.

మరి ఆ సింహాల మధ్య కూర్చోవడానికి ప్రముఖుడేడీ? ఎమ్మెల్యే రాజీనామా చేశాడు. అది ఆమోదం పొందిందో లేదో తెలియదు కాబట్టి ఆయన ప్రముఖుడో మాజీ ప్రముఖుడో తేలక ఎవరూ పిలవడం లేదు. తహసీల్దారు ప్రభుత్వం మనిషాయె. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు గాని, ఆయన చేతి నిమ్మరసం ఊరంతా తాగేసింది. ఒకరోజు టైలర్ల సంఘం వంతు వచ్చింది. "మళ్ల పెద్దసారేనా? మాకు కొత్తోళ్లను పట్టుకరాండ్రి" అని వాళ్లు భీష్మించుకున్నారు. ఐదయింది, ఆరయింది. మసీదులో అజాన్ కూడా అయింది. టైలర్లు నాలుకలు పిడచగట్టుకుని కూర్చున్నారు గాని లేవలేదు.

శిబిరం కన్వీనర్ వేణు సార్, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, జుట్టు పీక్కున్నాడు. "గూడూరు శిబిరానికి టీవీ సీరియల్ల అత్త వచ్చి ఇచ్చిందట. తరిగొప్పులకు ఎవరో పెద్ద ప్రొఫెసర్ వచ్చిండట. మనకే దిక్కు లేదు!"

నిచ్చెన మీద తాడు బిగిస్తున్న బాబామియా పైనుంచే అన్నాడు. "మా కొడుకు అకీల్ ఢిల్లీకెంచి వచ్చిండు సార్. పండుకున్నడు. లేపుకరావాల్నా?"

ఢిల్లీ! వేణు సార్ మొహం బల్బులా వెలిగింది. దేశంలోని మేధావులంతా అక్కడే తయారవుతారని పేరున్న యూనివర్సిటీలో చదివినవాడు ఇంత దగ్గర్లో నిద్రపోతున్నాడా! ఆగమేఘాల మీద అకీల్‌ను లేపి, ముఖం కడిగించి, సింహాల మధ్య కూర్చోబెట్టారు. గడ్డం, ఖద్దరు కుర్తా, భుజాన గోనెగుడ్డ సంచి. చూడగానే తెలిసిపోతుంది మేధావి అని. మైకు పట్టుకుని అతను, "ఈ పోరాటాన్ని మనం ఒక ప్రాదేశిక అస్తిత్వ డిస్కోర్సుగా పునర్నిర్వచించుకోవాలె" అన్నాడు. టైలర్లు చప్పట్లు కొట్టారు. నిమ్మకాయలు పిండే ఎల్లక్క కళ్లు తుడుచుకుంది.

"ఎంత మంచిగ మాట్లాడిండు! ఏమన్నడో సమజ్ కాలె గని, మంచిగ అన్నడు!"

ఆ రోజు నుంచి జఫర్‌గఢ్‌కు ప్రముఖుల కొరత తీరిపోయింది. నెల రోజులు ఉండిపోదామని వచ్చిన అకీల్ ఇక కదల్లేదు. ఎవరైనా అడిగితే, "థీసిస్ రాస్తున్న" అనేవాడు. థీసిస్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ గౌరవించారు. మధ్యాహ్నం దాకా పడుకుని, మూడింటికి స్నానం చేసి, నాలుగింటికి కుర్తా ఇస్త్రీ చేయించుకుని, ఐదింటికి నిమ్మరసం ఇచ్చి వచ్చేవాడు. ఒకరోజు సింహాల కుర్చీ ఏదో పెళ్లికి వెళ్లిపోయింది. ఆ రోజు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవలసి వచ్చిందని రాత్రి అన్నం సరిగ్గా తినలేదు పాపం!

ఇక్కడే అమ్రీన్ కథ చిక్కుబడింది. జనగామలో డిగ్రీ చేసిన ఆ అమ్మాయి, అన్న చదివిన ఆ యూనివర్సిటీకే పరీక్ష రాసి ఎమ్మే సీటు తెచ్చుకుంది. నెలాఖరుకల్లా వెళ్లి చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. బాబామియా చెడ్డవాడేం కాదు, ఆడపిల్లకు చదువెందుకు అనే రకమూ కాదు. ఏ పని చేసినా ఫాయిదా ఎంత అని అడిగే రకం, అంతే. అందుకని ఫాయిదా తెలిసిన మనిషినే అడిగాడు.

"బేటా, నువ్వు పోయొచ్చినవ్. చెల్లెను పంపాల్నా, వద్దా?"

వంటింట్లో రొట్టెలు చేస్తున్న అమ్రీన్ చెవులు రిక్కించింది. అన్న తప్పకుండా పంపమంటాడని ఆమెకు గట్టి నమ్మకం. ఆ యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ తెప్పించి ఇచ్చినవాడే అతను మరి!

అకీల్ గడ్డం గోక్కున్నాడు. "వద్దబ్బా. అక్కడి సలి నీకెర్క లేదు. నీళ్లు పడయి. ఆడపిల్ల ఒక్కతే ఎట్లుంటది? ఇక్కడ్నే బీఎడ్ చేపిద్దాం."

పెనం మీద రొట్టె మాడిపోయింది. తల్లి చోటీ బీ గబగబా తీసి పక్కన పెట్టి, కూతురి ముఖం వంక చూసింది.

సరే, అన్నకు నా మీద ప్రేమెక్కువ, అందుకని భయపడుతున్నాడు అని అమ్రీన్ మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఐదింటికి శిబిరంలో మైకు గీపెట్టింది. "మన ఆడబిడ్డలు గడప దాటాలె! జిల్లా దాటాలె! ఢిల్లీ దాకా పోవాలె! అడ్డం పడేటోళ్లు ద్రోహులు!" గొంతు అన్నదే. చప్పట్లు ఇంటి దాకా వినిపించాయి. అమ్రీన్‌కు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో ఉన్న చీపురుతో ఊడ్చిన వాకిలినే మళ్లీ మొదటి నుంచి ఊడ్చింది.

ఇక ఊరు ఊరంతా సలహా ఇవ్వడం మొదలుపెట్టింది. ఢిల్లీ చదువు గొప్పదని కొందరు, దండగని కొందరు. ఎల్లక్క మాత్రం నిమ్మకాయలు ఏరుకుంటూ తేల్చి చెప్పింది. "మా మనుమడు హన్మకొండల సదివి ఖాళీగున్నడు. మీ అన్న ఢిల్లీల సదివి ఖాళీగున్నడు. ఫరకు రైలు దూరమే బిడ్డా."

ఇంతలో వేణు సార్‌కు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అన్ని సంఘాలూ కూర్చున్నాయి గాని, ఈ ఉద్యమం ఎవరి కోసమో వాళ్లు కూర్చోలేదు! వెంటనే బ్యానర్ రాయించాడు. 'నిరుద్యోగ పట్టభద్రుల రిలే నిరాహార దీక్ష.' టీవీ రిపోర్టర్ పోశాలుకు ఫోను చేశాడు. "లైవ్ పెట్టు. మా మండలంల నిరుద్యోగులు ఎంతమంది ఉన్నరో రాష్ట్రమంత చూడాలె!"

ఆ రోజు వచ్చింది. జంపఖానా పరిచారు. దండలు తడిపి పెట్టారు. పది దాటింది. పదకొండు కొట్టింది. జంపఖానా మీద ఒక్క పురుగు లేదు.

వేణు సార్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఒకడన్నాడు, "నేను నిరుద్యోగినెట్లయిత సార్? గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న." ఇంకొకడు, "నేను బిజినెస్‌ల ఉన్న సార్. దుకాణం ఇంక తెరవలే, అంతే." మూడోవాడు దాదాపు ఏడ్చాడు. "సార్, మా ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. సాఫ్ట్‌వేర్ అని చెప్పిండ్రు. నిరుద్యోగి అని టీవీల పడితే నా పెండ్లి ఆగమైతది!" కానీ ఉద్యమం మీద ప్రేమకు కొదవేముంది! ఫోను పెట్టేసే ముందు అందరూ ఒకే మాటన్నారు. "కూసునుడు కాదు గని, సాయంత్రం వచ్చి నిమ్మరసమిస్త సార్!"

అన్నట్టే పన్నెండింటికల్లా తల దువ్వుకుని, తెల్లచొక్కాలు తొడుక్కుని కొందరు వచ్చేశారు కూడా. ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. మండలంలోని నిరుద్యోగులంతా నిరుద్యోగులకు మద్దతుగా కూర్చున్నారు! పోశాలు కెమెరా తిప్పి తిప్పి అలసిపోయాడు.

"సార్, లైవ్‌ల ఉత్త జంపఖానా చూపియ్యాల్నా?"

వేణు సార్ బిక్కమొహంతో సింహాల కుర్చీ వైపు చూశాడు. "అకీల్ బాబు... జరసేపు మీరన్న..."

"నేను మేధావి వర్గం తరఫున సంఘీభావం ప్రకటిస్తున్న" అన్నాడు అకీల్, సింహాలను గట్టిగా పట్టుకుని.

నాన్నకు టిఫిన్ డబ్బా తెచ్చిన అమ్రీన్ ఇదంతా చూసింది. నవ్వొచ్చింది, ఒళ్లు మండింది, రెండూ ఒకేసారి. డబ్బా గుంజ పక్కన పెట్టి, చెప్పులు విడిచి, నేరుగా వెళ్లి జంపఖానా నడుమ కూర్చుంది.

"ఏందమ్మా?" వేణు సార్ కంగారుపడ్డాడు.

"డిగ్రీ అయింది సార్. నౌకరి లేదు. బ్యానర్ మీద గదే ఉన్నది గదా?"

"ఉన్నది గని... నువ్వు ఆడపిల్లవు గదమ్మా! నువ్వు నిరుద్యోగివెట్లయితవు? ఇంట్ల ఉంటవు గదా!"

మహిళా విముక్తి మీద మూడు శిబిరాల్లో ఉపన్యసించిన మనిషి అన్న మాట ఇది! అమ్రీన్ ఫోను తీసి తన క్లాసులో చదివిన అఖిలకు, సునందకు చేసింది. వాళ్లు ఇంకొందరికి చేశారు. కాసేపట్లో ఒక్కొక్కరే రావడం మొదలైంది. బట్టలుతుకుతూ లేచి వచ్చినవాళ్లు, మిరప చేనుకెళ్లి వచ్చి స్నానం చేసినవాళ్లు, చంకలో పిల్లతో వచ్చినామె ఒకతె. జంపఖానా నిండిపోయింది. వీళ్లెవరికీ దాచుకోవలసిందేమీ లేదు. "ఏం చేస్తున్నవమ్మా?" అని వాళ్లను ఏనాడూ ఎవరూ అడగలేదు, అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఐదయింది. ఎల్లక్క గ్లాసులు నింపింది. ఇవ్వడానికి వరుస కట్టిన ప్రముఖులు, తాగవలసినవాళ్ల కంటే ఎక్కువయ్యారు. ఇద్దరు కుర్రాళ్లు ఒకే గ్లాసు పట్టుకుని గుంజుకోవడం పోశాలు కెమెరాకు చిక్కింది. అకీల్ అందర్నీ వెనక్కి జరిపి, తన స్థాయికి తగ్గట్టు మొదటి గ్లాసు అందుకుని, చెల్లెలి ముందు వంగి, కెమెరా వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

అమ్రీన్ గ్లాసు తీసుకోలేదు.

"ముందుగాల నాకు జవాబు చెప్పు భాయ్‌జాన్. ఢిల్లీ సదువు ఫాయిదానా, కాదా? ఇంట్ల ఒక జవాబు, మైకుల ఒక జవాబు వద్దు. ఒక్కటే చెప్పు. చెప్పేదాకా నేను తాగ."

"మేం గుడ తాగం" అంది అఖిల. జంపఖానా అంతా తలలూపింది. పోశాలుకు ప్రాణం లేచివచ్చింది. మైకు తెచ్చి అన్నాచెల్లెళ్ల మధ్య దూర్చాడు.

అకీల్ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. ఇన్ని రోజుల్లో చాచిన గ్లాసు వెనక్కి రావడం అదే మొదలు.

"ఫాయిదానే" అన్నాడు మెల్లగా.

"మరి అబ్బాకు వద్దని ఎందుకు చెప్పినవ్?"

నిచ్చెన మీదున్న బాబామియా తాడు వదిలేసి కిందికి చూశాడు. పారిపోదామంటే వెనక సింహాలు, ముందు కెమెరా! అకీల్ చివరికి గ్లాసు కింద పెట్టేశాడు.

"నాకు నౌకరి లేదు అమ్రీన్. థీసిస్ ఎన్నడో ఆగిపోయింది. గీ పిలగాండ్లు హన్మకొండల సదివి ఖాళీగుంటే ఆవారాగాళ్లు అంటరు. నేను ఢిల్లీల సదివి ఖాళీగుంటే మేధావి అంటున్నరు. గిదే ఫాయిదా. ఇంకోటి లేదు. నువ్వు పోయి మంచిగ సదివి నౌకరి తెచ్చుకుంటే... నేను ఎవలనని చెప్పుకోవాలె?"

గెలుపు ఇలా ఉంటుందని అమ్రీన్ అనుకోలేదు. అన్న మీద జాలి ముంచుకొచ్చింది. బాబామియా మాత్రం నిచ్చెన మీదే లెక్క కట్టుకుంటున్నాడు.

"అంటే బేటా, నౌకరి రాకుంటే ఇక్కడ సదివినా ఖాళీ, అక్కడ సదివినా ఖాళీ. ఇక్కడ సదివితే జంపఖానా. అక్కడ సదివితే కుర్సీ. గంతేనా?"

"గంతే అబ్బా."

"మరి గా మాట ముందే చెప్పద్దా! పో బేటీ, ఢిల్లీకి పో! ఖాళీగ కూసునేదే ఉంటే, నా బిడ్డ కుర్సీ మీద కూసోవాలె!"

శిబిరం దద్దరిల్లింది. డప్పు మోగింది. ఎవరో 'జై తెలంగాణ' అన్నారు, ఇంకెవరో 'జై ఢిల్లీ' అనబోయి నాలుక కరుచుకున్నారు. అమ్రీన్ కళ్లొత్తుకుంటూ నిమ్మరసం గుటగుటా తాగేసింది. దీక్ష విజయవంతంగా ముగిసిందని వేణు సార్ ప్రకటించాడు.

అకీల్ పరువు పోయిందనుకుంటున్నారా? అయితే మీకు మేధావుల సంగతి తెలియదు! మర్నాటికల్లా 'నిజం ఒప్పుకున్న మేధావి' అని టీవీలో వచ్చింది. అంతే, గిరాకీ రెట్టింపైంది. జఫర్‌గఢ్ ఒక్కటే చాలదని తరిగొప్పుల శిబిరంవాళ్లు కూడా ఆటో పంపిస్తామన్నారు. ఇటు ఊళ్లో ఇంటింటికీ ఒక తండ్రి బయల్దేరి, "భాయ్, గా కుర్సీ సదువుకు దరఖాస్తు ఏడ దొరుకుతది?" అని బాబామియా షాపు చుట్టూ తిరగసాగాడు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. రైల్ రోకో వల్ల రైళ్లు ఆగి, ఒకసారి వాయిదా పడి మరీ వచ్చింది. చోటీ బీ కూతురి పెట్టెలో మామిడికాయ తొక్కు సీసాను పాత దుపట్టాలో చుట్టి సర్దుతోంది. సర్దుతూ సర్దుతూ ఆగి, ఇంత చిన్న మాట అడగొచ్చో లేదో అన్నట్టు మొహమాటంగా అడిగింది.

"బేటీ, గింతకు అక్కడ నువ్వు సదివేది ఏం సదువు?"

అమ్రీన్ చేతులాగిపోయాయి. నాన్న ఫాయిదా అడిగాడు. వేణు సార్ ఫొటో అడిగాడు. పోశాలు, ఎట్ల అనిపిస్తుందని అడిగాడు. ఏం చదువుతావని ఒక్కరూ అడగలేదు! ఇంత దూరం వచ్చిన పాఠకులు కూడా అడిగినట్టు లేరు.

"భాషల సదువు అమ్మీ. మనం ఇంట్ల మాట్లాడే దక్కనీ ఉర్దూ ఉన్నది సూడు, గసుంటి మాటలు ఏడికెల్లి వచ్చినయి, ఎట్ల మారినయి అని."

"హాయ్ అల్లా! గిది గుడ సదువేనా? గిది నాకు పుట్టినకాడికెంచి వస్తది గదా! నాకు సీటు ఇస్తరా?" చోటీ బీ పకపకా నవ్వింది. అమ్రీన్ ఆమె మీద పడి నవ్వింది. పెట్టె మూత పడటం లేదని ఇద్దరూ దాని మీద కూర్చుని మళ్లీ నవ్వారు.

అప్పుడే అకీల్ ఇస్త్రీ కుర్తా వేసుకుని, భుజాన సంచితో గదిలోంచి వచ్చాడు. తరిగొప్పుల ఆటో బయట హారన్ కొడుతోంది. చోటీ బీ నవ్వు ఆపుకుని కొడుకు వైపు చూసింది. ముఖంలో ఏదో కొత్త దిగులు కమ్ముకుంది.

"అరె బేటా... నిన్ను పంపేటప్పుడు నేను గీ మాట అడగలే. గన్ని యేండ్లు నువ్వేం సదివినవ్‌రా?"

అకీల్ గడప మీద ఆగిపోయాడు. మైకు లేకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అతనికి కొత్త.

"నీళ్ల గురించి అమ్మీ. నదులు. గోదావరి నీళ్లు ఎవలకెన్ని రావాలె, మనకెన్ని వస్తున్నయ్, చెర్లు ఎట్ల నింపాలె... గదంత."

"నీళ్లా!" చోటీ బీ నోరు తెరిచింది. "మరి బయట గింతమంది కొట్లాడేది నీళ్ల కోసమే గదరా! ఎవ్వలు నిన్ను అడగలేదా?"

"లేదమ్మీ" అన్నాడు అకీల్. "నిమ్మరసం ఇయ్యమన్నరు."